సీటు వచ్చాక ల్యాబ్ దాకా తీసుకెళ్లేదెవరు?

సైన్సు పరిశోధనలోకి అన్ని వర్గాల పిల్లలూ రావాలన్న మాటను ఈ రోజు ఎవరూ పైకి కాదనరు. ఎలా రప్పించాలన్న దగ్గర రెండు పెద్ద దేశాలు రెండు దారులు పట్టాయి. మనం సీటును చట్టంతో ఖాయం చేశాం. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం. ఆ సీటులో చేరిన విద్యార్థి ల్యాబ్‌లో ఎవరి పక్కన నిలబడి పని నేర్చుకోవాలి, ఎవరి సంతకంతో ముందుకు పోవాలి అన్నది మాత్రం అతని అదృష్టానికి వదిలేశాం. అమెరికాలో కోటా లేదు. 1978లో బాకీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు యూనివర్సిటీ అడ్మిషన్లలో జాతిపరమైన కోటాలు చెల్లవని తేల్చింది. అక్కడి కృషి ఎక్కువగా రెండో వైపు సాగింది. నల్లజాతి, లాటినో, మూలవాసి విద్యార్థులను డిగ్రీ రోజుల నుంచే వెంటబెట్టుకుని పరిశోధన దాకా నడిపించడం మీద దృష్టి పెట్టారు. దాదాపు యాభై ఏళ్ల ఆ పని మీద బోలెడు అధ్యయనాలు వచ్చాయి. వాటిలో తేలిందేమిటి, తేలనిదేమిటి, అందులో తెలుగు నేల మీద నిలబడేదేమిటి అన్నది ఇక్కడ చర్చ.

వాటిని చదివినకొద్దీ నాలో ఒక అభిప్రాయం గట్టిపడింది. మెంటరింగ్ అనగానే మనకు వేదిక మీది స్ఫూర్తి ప్రసంగం గుర్తొస్తుంది. ఫలితమిచ్చిన ప్రతిచోటా అది అంతకంటే చాలా బరువైన పని. నిజమైన పరిశోధనలో తొందరగా చోటివ్వాలి, విద్యార్థి చేతికి డబ్బు అందేలా చూడాలి, తోటివాళ్లతో జట్టు కట్టించాలి, అవసరమైనచోట అతని తరఫున పూచీ పడాలి. ఈ నాలుగింటిలో ఏది తగ్గినా మిగిలేది మంచి మాటలే.

ముందు చెప్పుకోవాల్సింది యూరీ ట్రైస్‌మన్ గురించి. 1970ల మధ్యలో ఆయన బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో గణితం బోధిస్తూ శిక్షణ పొందుతున్న యువకుడు. నల్లజాతి విద్యార్థులు క్యాల్క్యులస్‌లో ఎందుకు ఇంత ఎక్కువగా తప్పుతున్నారని అధ్యాపకులను అడిగితే వాళ్లంతా దాదాపు ఒకే జాబితా చెప్పారు: పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో చదువు మీద ఆసక్తి లేదు, పేదరికం. ట్రైస్‌మన్ ఆ జాబితాను నమ్మి ఊరుకోలేదు. ఇరవై మంది నల్లజాతి విద్యార్థులను, ఇరవై మంది చైనా సంతతి విద్యార్థులను ఎంచుకుని వాళ్లు ఎక్కడ చదువుతారు, ఎలా చదువుతారు, ఎవరితో మాట్లాడతారు అని వెంట ఉండి చూశారు. జాబితాలోని కారణాలు ఒక్కటీ నిలవలేదు. నల్లజాతి పిల్లలు బడిలో మొదటి ర్యాంకులు తెచ్చుకున్నవాళ్లే. తల్లిదండ్రులు వాళ్ల చదువు మీదే ఆశలు పెట్టుకున్నారు. పిల్లలు కష్టపడి చదువుతున్నారు, కానీ గదిలో ఒక్కరే కూర్చుని చదువుతున్నారు. చైనా సంతతి పిల్లలు మాత్రం కలిసి తింటూ, ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటూ, పరీక్షలో ఏది వస్తుంది, ఏ ప్రొఫెసర్ ఏం ఆశిస్తాడు అన్నది కూడా పంచుకుంటున్నారు.

దీన్నిబట్టి ట్రైస్‌మన్ చేసిన ఏర్పాటు నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. వెనకబడ్డవాళ్లకని తేలిక లెక్కలతో ట్యూషన్ పెట్టలేదు. క్లాసులో చెప్పేదానికంటే కఠినమైన లెక్కలిచ్చి, వాటిని గుంపుగా కూర్చుని చేయించారు. మీరు సమర్థులు కాబట్టే పిలిచామన్నది అందులోని సందేశం. ఆ వర్క్‌షాపుల్లో చేరినవాళ్ల మార్కులు గణనీయంగా పెరిగాయి. మన కాలేజీల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల కోసం పెట్టే రెమెడియల్ క్లాసులు దీనికి సరిగ్గా తిరగేసిన పద్ధతిలో నడుస్తాయి. వాటి పేరు బోర్డు మీద చూడగానే ఆ క్లాసుకు వెళ్లడం నామోషీ అవుతుంది.

ఇదే సూత్రాన్ని పూర్తి స్థాయి వ్యవస్థగా మార్చింది బాల్టిమోర్ దగ్గరి మేరీల్యాండ్ యూనివర్సిటీ శాఖ, యూఎంబీసీ. దాత రాబర్ట్ మేయర్‌హాఫ్, గణితవేత్త ఫ్రీమన్ హ్రబోస్కీ కలిసి 1988లో ఆ కార్యక్రమానికి రూపమిచ్చారు. హ్రబోస్కీ అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పుట్టినవారు. 1963లో పౌరహక్కుల ఊరేగింపులో నడిచినందుకు పన్నెండేళ్ల వయసులోనే జైలు చూశారు. 1989లో మొదటి జట్టుగా 19 మంది నల్లజాతి యువకులు చేరారు. మరుసటి ఏడు అమ్మాయిలకు, 1996 నుంచి అన్ని జాతులవారికీ చోటిచ్చారు. కాలేజీ మొదలవక ముందే వేసవిలో ఆరు వారాలు అందరినీ ఒకచోట ఉంచి కఠినమైన క్లాసులు పెడతారు. ఫీజులకు స్కాలర్‌షిప్ ఉంటుంది. చదువు జట్లుగానే సాగాలి. మొదటి ఏడాది నుంచే ల్యాబ్‌లోకి పంపుతారు. తల్లిదండ్రులనూ పిలిచి పీహెచ్‌డీ అంటే ఏమిటో వివరిస్తారు. అడ్మిషన్ వచ్చినా చేరకుండా వేరే కాలేజీలకు వెళ్లినవాళ్లతో పోల్చి చూస్తే, మేయర్‌హాఫ్ విద్యార్థులు సైన్సు, ఇంజనీరింగ్ పరిశోధన చదువుల్లోకి వెళ్లే అవకాశం సుమారు ఐదు రెట్లని పరిశోధకులు లెక్కగట్టారు. కోవిడ్ వ్యాక్సిన్ తయారీలో ముందున్న కిజ్‌మెకియా కార్బెట్ ఈ కార్యక్రమం నుంచే వచ్చారు. పెన్ స్టేట్, నార్త్ కరొలైనా యూనివర్సిటీలు దీన్ని తమ దగ్గర మొదలుపెట్టినప్పుడు మంచి ఫలితాలే వచ్చాయి. దీన్నిబట్టి ఇది ఒక్క హ్రబోస్కీ వ్యక్తిత్వ మహిమ కాదని, మరోచోట నాటినా మొలిచే పద్ధతేనని తేలింది.

ఇంతటి మార్పు లోపల ఏం జరిగి వస్తుంది? ఈ ప్రశ్న మీద మీకా ఎస్ట్రాడా, వెస్లీ షుల్ట్జ్ బృందం ఏళ్ల తరబడి విద్యార్థులను గమనించి పనిచేసింది. ప్రయోగం చేయగలనన్న నమ్మకం ఒక్కటే విద్యార్థిని సైన్సులో నిలబెట్టదని వాళ్లు చూపారు. 'నేను సైంటిస్టుని' అన్న భావన, ఆ వృత్తి విలువలు తనవన్న భావన కుదిరినవాళ్లే ఎక్కువగా నిలిచారు. ల్యాబ్ అనుభవం, నాణ్యమైన మార్గదర్శనం ఆ భావనను పెంచుతాయి. నైపుణ్యం ఉన్న పిల్ల కూడా 'ఇది మాలాంటివాళ్ల చోటు కాదు' అనుకుంటే బీఈడీ వైపో, గ్రూప్స్ కోచింగ్ వైపో వెళ్లిపోతుంది. ఆ ఎంపికలో తప్పేమీ లేదు. కానీ అది ఎంపికేనా, లేక బయటికి నెట్టడమా అన్నది ఆలోచించాలి.

మార్గదర్శకుల సంగతికొస్తే, మంచి సైంటిస్టు మంచి మెంటర్ కూడా అవుతాడన్నది మనం పరీక్షించకుండా నమ్మే మాట. విస్కాన్సిన్ యూనివర్సిటీలో జో హ్యాండెల్స్‌మన్, క్రిస్టీన్ ఫండ్ తదితరులు 2005లో మెంటర్లకు శిక్షణ పాఠాలు తయారు చేశారు. విద్యార్థి నుంచి ఏం ఆశిస్తున్నామో ముందే చెప్పడం, అతనికి అర్థమైందో లేదో కనుక్కోవడం, అతని నేపథ్యం తన నేపథ్యంలాంటిది కాదని గుర్తించడం, మెల్లగా సొంత కాళ్ల మీద నిలబెట్టడం అందులో పాఠాలు. తర్వాత 16 సంస్థల్లో 283 మెంటర్–యువ పరిశోధక జంటల మీద యాదృచ్ఛిక ఎంపిక పద్ధతిలో పరీక్షించారు. ఎనిమిది గంటల శిక్షణ తీసుకున్న మెంటర్ల నైపుణ్యం పెరిగినట్టు తేలింది, వాళ్ల దగ్గర నేర్చుకునే యువ పరిశోధకులు కూడా తేడాను గమనించారు. ఎనిమిది గంటలంటే మన యూనివర్సిటీల్లో ఒక రిఫ్రెషర్ కోర్సులో ఒకటిన్నర రోజు. 2019లో అమెరికా జాతీయ అకాడమీలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనంతా కూర్చి ఒక పెద్ద నివేదిక వెలువరించాయి. మెంటరింగ్ సహజంగా అబ్బే గుణమని వదిలేయకుండా, నేర్చుకుని, కొలిచి, గుర్తింపునిచ్చే వృత్తిపనిగా చూడాలన్నది దాని సారం.

చెడ్డ మెంటరింగ్ మీద కూడా ఇటీవల పని జరిగింది. నెలల తరబడి కనిపించని గైడ్, చీటికీమాటికీ కించపరిచే గైడ్, గాజుసామాను కడిగించి అదే పరిశోధన అనుకోమనే గైడ్ అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. రోజూ పక్కనుండి పని నేర్పేది తరచు ప్రొఫెసర్ కాదు, పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్. ఆ సీనియర్‌కు నేర్పేవాళ్లెవరూ లేరు.

అసలు ల్యాబ్ తలుపు దాకా వెళ్లడమే చాలామందికి సాధ్యం కాదు. క్యాథరిన్ మిల్క్‌మన్ బృందం అమెరికాలోని 259 యూనివర్సిటీల్లో 6,500 మందికి పైగా ప్రొఫెసర్లకు, పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నానని, కలిసి మాట్లాడాలని ఉందని ఒకే రకం మెయిల్ పంపింది. కింద సంతకం చేసిన పేర్లు మాత్రం మార్చింది. తెల్లజాతి మగపేరు ఉన్న మెయిళ్లకు జవాబులు ఎక్కువ వచ్చాయి. పక్కన పెట్టేసినవాటిలో భారతీయ పేర్లు కూడా ఉన్నాయి. ఆ దేశంలో ప్రొఫెసర్ల జవాబు కోసం ఎదురుచూసే తెలుగు పిల్లలకు ఇది నేరుగా తగిలే విషయం. 2012లో యేల్ పరిశోధకులు 127 మంది సైన్సు అధ్యాపకులకు ఒకే దరఖాస్తు చూపి, సగం మందికి జాన్ అని, సగం మందికి జెనిఫర్ అని పేరు పెట్టారు. జాన్‌ను ఎక్కువ సమర్థుడన్నారు, ఎక్కువ జీతం ఇస్తామన్నారు, మెంటరింగ్ చేయడానికి ఎక్కువ ఇష్టపడ్డారు. ఆ మొగ్గు మహిళా అధ్యాపకుల్లోనూ అంతే ఉంది.

మన దగ్గర ఈ వివక్షకు తోడు మరో అడ్డు ఉంది. ప్రొఫెసర్‌కు మెయిల్ రాయవచ్చన్న సంగతి, దాన్ని ఎలా రాయాలన్న సంగతి, వేసవిలో ల్యాబ్‌లో పనిచేస్తే రెకమండేషన్ లెటర్ వస్తుందన్న సంగతి కొన్ని ఇళ్లలో అన్నంతోపాటు అందుతాయి. అన్నయ్యో బాబాయో అప్పటికే అమెరికాలో ఉంటారు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటికి మొదటి గ్రాడ్యుయేట్ అయిన అమ్మాయికి ఇది చెప్పే మనిషే ఉండరు. ట్రైస్‌మన్ చూసిన ఒంటరి గది మన హాస్టళ్లలోనూ ఉంది.

దీనికి నాకు తెలిసిన మంచి విరుగుడు పరిశోధనను క్లాసులోకే తేవడం. హోవర్డ్ హ్యూస్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్ 2008లో, పిట్స్‌బర్గ్‌కు చెందిన గ్రాహమ్ హాట్‌ఫుల్ పద్ధతి ఆధారంగా ఒక కోర్సు మొదలుపెట్టింది. డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులు మట్టి తవ్వి తెచ్చి, అందులో బ్యాక్టీరియాను తినే వైరస్‌లను, అంటే ఫేజ్‌లను వెలికితీసి, వాటికి తామే పేర్లు పెట్టి, జన్యుక్రమం చదువుతారు. ఎవరినీ బతిమాలి ల్యాబ్‌లో చేరాల్సిన పని లేదు, క్లాసులో పేరుంటే చాలు. విద్యార్థులు కూడబెట్టిన ఆ సేకరణే తర్వాత ఒక ప్రాణానికి ఆసరా అయింది. మందులకు లొంగని ఇన్‌ఫెక్షన్‌తో లండన్‌లో చికిత్స పొందుతున్న ఒక టీనేజ్ అమ్మాయికి మూడు ఫేజ్‌లు ఇచ్చి కోలుకునేలా చేశారని 2019లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. వాటిలో ఒకటి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో కుళ్లిన వంకాయ మీద దొరికింది. మట్టి, కుళ్లిన వంకాయ దొరకని డిగ్రీ కాలేజీ మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడుంది?

ఇన్ని విజయాలున్నా మెంటరింగ్ ఒక్కటే సరిపోదని కూడా అదే అమెరికా చూపింది. 2011లో డోనా గింథర్ బృందం సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం చదువు, శిక్షణ, ప్రచురణలు అన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే గ్రాంటు నల్లజాతి సైంటిస్టులకు దక్కే అవకాశం తెల్లవారికంటే 10 పర్సంటేజీ పాయింట్లు తక్కువ. ఇరవై ఏళ్లు చేయి పట్టి నడిపించి తీసుకొచ్చిన మనిషి చివరి మెట్టు దగ్గర ఆగిపోతున్నాడన్నమాట. 2019లో వచ్చిన మరో అధ్యయనం ఆ తేడాలో కొంత భాగం ఎంచుకున్న అంశాల వల్ల వస్తున్నదని చెప్పింది. సమాజం, జనసమూహాల ఆరోగ్యం వంటి అంశాలను నల్లజాతి పరిశోధకులు ఎక్కువగా ఎంచుకుంటున్నారు, వాటికి గ్రాంట్లు తక్కువగా దొరుకుతున్నాయి. ఏజెన్సీ గూడెం నుంచి వచ్చిన విద్యార్థి తన ఊళ్లో చూసిన సికిల్ సెల్ జబ్బు మీద పని చేస్తానంటే 'అది చిన్న ప్రశ్న' అని పక్కన పెట్టే గైడ్ కూడా ఇదే అన్యాయం చేస్తున్నట్టు. మరోవైపు, వివక్షను దాటి పైకొచ్చిన కొద్దిమంది అధ్యాపకుల మీదే తమవాళ్లందరినీ నడిపించే బాధ్యత పడుతుంది. ఆ పనికి ప్రమోషన్‌లో విలువ ఉండదు. అమాడో పడిల్లా 1994లోనే దీన్ని సాంస్కృతిక పన్ను అన్నాడు.

2025లో జరిగింది మరింత బాధాకరం. 1970ల నుంచి నడిచిన మార్క్ సహా ఇలాంటి శిక్షణ కార్యక్రమాలను ఎన్‌ఐహెచ్ నిలిపివేసింది. చట్టబద్ధమైన హక్కుగా కాక ప్రభుత్వ ఇష్టంగా ఉన్న సాయం ప్రభుత్వం మారగానే పోయింది. రిజర్వేషన్ మనకు రాజ్యాంగం అండతో ఉండటం ఎంత పెద్ద బలమో ఇక్కడ తెలుస్తుంది. మన బలహీనత అంతా ఆ తర్వాతి అడుగులోనే.

మేఘనాద్ సాహా కథలో ఆ తర్వాతి అడుగు ఎలా ఉండాలో కనిపిస్తుంది. ఢాకా దగ్గరి పల్లెలో చిన్న కొట్టు నడిపే ఇంట్లో 1893లో పుట్టిన ఆ కుర్రాడికి ఊళ్లో పైచదువు బడి లేదు. కొన్ని మైళ్ల దూరంలోని బడికి పంపడానికి అనంతకుమార్ దాస్ అనే వైద్యుడు తన ఇంట్లో ఉచితంగా చోటిచ్చి తిండి పెట్టాడు. తర్వాత కలకత్తా హాస్టల్లో తోటి విద్యార్థులు కులం పేరుతో భోజనాల గదిలో కలవనివ్వలేదు. సీటు ఉంది, పంక్తిలో చోటు లేదు. 1920లో నక్షత్రాల కాంతిని చదివే సూత్రం ఇచ్చిన సాహా ఆ అవమానాన్ని దాటి వచ్చారు. దాటలేక ఆగిపోయినవారి పేర్లు మనకు తెలియవు.

కొన్ని పేర్లు మాత్రం తెలుసు. సేలం ప్రాంతం నుంచి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ఫిజిక్స్ పీహెచ్‌డీకి వచ్చిన సెంథిల్ కుమార్ 2008లో చనిపోయినప్పుడు, చేరి నెలలు గడిచినా అతనికి గైడ్‌ను కేటాయించలేదన్న విషయం బయటపడింది. మెంటర్ లేకపోవడం ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? అదే క్యాంపస్‌లో 2016 జనవరి 17న మరణించిన రోహిత్ వేముల సైన్సు రచయిత కావాలనుకున్నవాడు. ఆఖరి నెలల్లో అతనికి ఫెలోషిప్ అందలేదు. అంతకుముందే 2007లో సుఖదేవ్ థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులు హాస్టల్‌లోనూ, టీచర్ల దగ్గరా ఎదుర్కొన్న వివక్షను నమోదు చేసింది. ఈ మూడింటిలోనూ లోపం విద్యార్థి సమర్థతలో లేదు.

మన దగ్గర పథకాలు లేవని కాదు. ఎస్సీ, ఎస్టీ పరిశోధక విద్యార్థులకు 2005–06లో మొదలైన రాజీవ్ గాంధీ ఫెలోషిప్ వేలమందికి పీహెచ్‌డీని సాధ్యం చేసింది. కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 80,000 రూపాయలు వస్తాయి, అందులో 20,000 వేసవి ప్రాజెక్టు మార్గదర్శనానికే. కానీ దానికి ప్రధాన ద్వారం బోర్డు పరీక్షలో పై 1 శాతంలో ఉండటం. సైన్సు అకాడమీలు నడిపే వేసవి ఫెలోషిప్‌లు అద్భుతమైనవి, వాటి సంగతి తెలిసి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు. విజ్ఞాన్ జ్యోతి పథకం 9 నుంచి 12వ తరగతి దాకా ఆడపిల్లలను ల్యాబ్‌ల దగ్గరికి తీసుకెళుతోంది. ఇవి ఎక్కువగా అప్పటికే ముందున్న విద్యార్థిని వెతికి పట్టుకునే పథకాలు. వెనక ఉన్న విద్యార్థి దగ్గరికి నడిచి వెళ్లేది వీటిలో తక్కువ.

తెలుగు నేల మీద అలా నడిచి వెళ్లిన సంప్రదాయం ఒకటుంది. 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం, తర్వాత విస్తరించిన సాంఘిక సంక్షేమ గురుకులాలు పిల్లలకు తిండి, గది, పుస్తకం, తోటి జట్టు అన్నీ కలిపి ఇచ్చాయి. మేయర్‌హాఫ్ సూత్రంలో సగం మన గురుకులాల్లో ఎప్పుడో ఉంది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి తర్వాత పల్లె పిల్లలను నేరుగా క్యాంపస్‌లోకి తెచ్చాయి. రెండింటి నుంచీ ఇంజనీర్లు, డాక్టర్లు, ఉద్యోగులు వచ్చారు. పరిశోధన వైపు దారి మాత్రం సన్నగానే ఉండిపోయింది. ఆ పిల్లలకు సైంటిస్టు జీతమెంతో, జీవితమేమిటో చూపించినవాళ్లు లేరు.

వాడుకోవడానికి సిద్ధంగా ఉన్న చట్రాలు రెండున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, కోర్సులో ఒక సెమిస్టర్ అంతా దానికే. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో జిజ్ఞాస పేరుతో విద్యార్థుల స్టడీ ప్రాజెక్టుల పోటీ ఏటా జరుగుతోంది. ఒకటి సర్టిఫికెట్ తతంగంగా, మరొకటి బహుమతి పోటీగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఆ సెమిస్టర్‌లో పాడేరు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ జట్టొకటి ఆంధ్రా యూనివర్సిటీ ల్యాబ్‌తో, ఉట్నూరు జట్టొకటి హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీతో కలిసి మట్టి, నీరు, స్థానిక జబ్బుల మీద నిజమైన ప్రశ్న పట్టుకుని పనిచేయవచ్చు. విద్యార్థులను ఒంటరిగా కాక నలుగురైదుగురు చొప్పున పంపాలి. పక్కనుండి నేర్పే పీహెచ్‌డీ సీనియర్‌కు ఎనిమిది గంటల శిక్షణ ఇచ్చి, ఆ పనిని అతని థీసిస్ రికార్డులో చూపాలి. కాలేజీ తరఫున బాధ్యత తీసుకునే లెక్చరర్ కాంట్రాక్టు మీదో, గెస్ట్‌గానో ఉన్నవారైతే ఆ గంటలకు విడిగా డబ్బివ్వాలి. విద్యార్థి స్టైపెండ్ పని ముగిశాక బిల్లులు పెట్టుకుంటే వచ్చేదిగా కాకుండా, హైదరాబాద్ బస్సు ఎక్కకముందే బ్యాంకు ఖాతాలో పడాలి. హాస్టల్ అడ్వాన్సు కట్టలేక ఇంటికి తిరిగొచ్చే పిల్ల కోసం ఎంత గొప్ప మెంటర్ ఎదురుచూస్తున్నా ప్రయోజనం ఉండదు.